ఆరేళ్ళ పిల్ల నుంచి ఎనభై ఏళ్ళ అవ్వ దాకా ఒకే గొంతుతో: వాయిస్ ఓవర్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వాయిస్ ఓవర్ (వీడియోకో కథకో గొంతు మాత్రమే ఇచ్చే పని) నేర్చుకుంటామని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఒకే చోట చిక్కుకుంటారు. ప్రకటన బాగానే చదువుతారు, వార్త కూడా చదువుతారు. "ఇక్కడ అవ్వ మాట్లాడుతుంది" అనగానే మాత్రం గొంతు బిగుసుకుపోతుంది. వాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్ళండి.

వయసు మార్చడమంటే గొంతు సన్నగా చేయడం, లావుగా చేయడమేనా?

అందరూ మొదట చేసేది అదే. చాలామంది అక్కడే ఆగిపోతారు కూడా. పిచ్, అంటే గొంతు ఎంత సన్నగా, ఎంత లావుగా ఉందన్నది, వయసును కొంతవరకే పట్టిస్తుంది. పెద్ద మగవాళ్ళ మాట సగటున 120 హెర్ట్జ్ దగ్గర, ఆడవాళ్ళది 200 దగ్గర, చిన్నపిల్లలది 300 దగ్గర ఉంటుంది. కానీ ముప్పై ఏళ్ళాయనకూ యాభై ఏళ్ళాయనకూ పిచ్‌లో అంత తేడా ఉండదు. అయినా పక్కగదిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఎవరు పెద్దో ఎవరు చిన్నో మనకు తెలిసిపోతుంది. మనం పట్టుకునేది వాళ్ళ ఊపిరి ఎంతసేపు ఆడుతోంది, ఎక్కడ ఆగుతున్నారు, నోరు ఎంత తెరుస్తున్నారు అన్న సంగతులను. అన్నిటికన్నా ముందు, ఎదుటి మనిషి మీద వాళ్ళకు ఎంత చనువు, ఎంత అధికారం ఉందో వింటాం.

అందుకని నేను చెప్పే వరుస వేరు. ముందు ఆ మనిషి ఒళ్ళు ఎట్లా ఉందో అనుకోండి: నిలబడ్డాడా, కూర్చున్నాడా, నడుము వంగిందా, చేతిలో సంచి ఉందా. ఆ ఒంటికి తగ్గ ఊపిరి పట్టండి. ఆ ఊపిరికి ఎన్ని మాటలు వస్తాయో అన్నే మాటలు అనండి. పిచ్ సంగతి ఆఖరున చూసుకోవచ్చు. చాలాసార్లు దాన్ని ముట్టుకోవాల్సిన అవసరమే రాదు.

ఒక ఉదాహరణ చూపిస్తారా?

మా దగ్గర అందరితో చేయించే వాక్యం ఇది: "బస్సొచ్చింది, జల్ది రా." దేవరకొండ బస్టాండ్ అనుకోండి.

ఆరేళ్ళ పాపకు బస్సు రావడమే పెద్ద వార్త. "బస్సొచ్చింది" అనేదాని మీదనే బలమంతా పడుతుంది, ఒక్కసారి అని ఊరుకోదు, రెండుసార్లు అంటుంది. ఊపిరి ఎక్కడ పట్టాలో ముందే లెక్క వేసుకోదు కాబట్టి "రా" దగ్గరికి వచ్చేసరికి గాలి అయిపోతుంది. ఆ వెంటనే గబుక్కున పీల్చుకునే ఊపిరి మైకులో వినిపించాలి. ఎడిటింగ్‌లో దాన్ని కోసేస్తే పాప పోయి పాపలా మాట్లాడే పెద్దమనిషి మిగులుతుంది.

పదహారేళ్ళ అబ్బాయి ఫోన్ చూస్తూ అంటాడు. నోరు సగమే తెరుచుకుంటుంది. "బస్సొచ్చింది" కాస్త వినపడుతుంది, "జల్ది రా" ముద్దగా మింగేస్తాడు, చివర కిందికి జారిపోతుంది. తొందర ఉన్నా తొందర చూపించడం వాడికి నామోషీ.

చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న ముప్పై అయిదేళ్ళ తల్లికి బస్సు కబురు కాదు, సీటు ముఖ్యం. బలం "జల్ది" మీదికి మారుతుంది. గొంతు ముందుకు విసిరినట్టు, పది అడుగుల దూరంలో ఉన్న మనిషికి తగిలేటట్టు ఉంటుంది. అరవడం మాత్రం కాదు.

డెబ్బై అయిదేళ్ళ అవ్వ అరుగు మీది నుంచి లేస్తోంది. "బస్సొచ్చింది" అని ఆగుతుంది. ఆ ఆగినప్పుడు మోకాలి మీద చెయ్యి వేసి లేవాలి, నిజంగానే లేచి చూడండి. లేచాక ఊపిరి వదులుతూ "జల్ది రా బిడ్డా" అంటుంది. ఆ "బిడ్డా" స్క్రిప్టులో లేకపోయినా అడిగి చేర్పించుకోండి.

ఫోన్లో ఈ నాలుగూ రికార్డు చేసుకుని ఒక రోజు ఆగి వినండి. అప్పుడు మీ గొంతు మీకే పరాయిగా వినపడుతుంది, తప్పులు సులువుగా దొరుకుతాయి.

పెద్దవాళ్ళు పిల్లల గొంతు చేస్తే ఎందుకు కార్టూన్ లాగ అవుతుంది?

పిల్లల గొంతు సన్నగా ఉండటంతో పాటు నోరు, గొంతు కలిసిన గొట్టం కూడా పొట్టిగా ఉంటుంది. పెదాల నుంచి గొంతులో కంపించే స్వరతంత్రుల దాకా పెద్ద మగవాళ్ళకు దాదాపు 17 సెంటీమీటర్లు, పిల్లలకు అంతకన్నా చాలా తక్కువ. పొట్టి గొట్టం వల్ల అచ్చుల మోత మారుతుంది. మీరు ఒక్క పిచ్ పెంచేసి గొట్టాన్ని అట్లాగే ఉంచితే చెవికి అనుమానం వస్తుంది. పెదాలు నవ్వినట్టు పక్కలకు లాగి, నాలుకను కొంచెం ముందుకు, పైకి పెట్టి మాట్లాడి చూడండి. పిచ్ కొంచెం పెంచినా చాలు, వయసు దిగిపోతుంది.

ఆడవాళ్ళ గొట్టం మగవాళ్ళకన్నా పొట్టి. డబ్బింగ్‌లో పదేళ్ళ లోపు మగపిల్లల పాత్రలు కూడా ఆడవాళ్ళే ఎక్కువగా చెప్పడానికి ఇదొక కారణం.

ఇక ముద్దుమాటలు. "రా"ను "లా" అనడం మూడేళ్ళ పిల్లకు సరిపోతుంది. బడికి పోయే పిల్లల్లో చాలామందికి "ర" పలుకుతుంది. ఎనిమిదేళ్ళ పాత్రకు ముద్దుమాటలు పెడితే వినేవాళ్ళు ఆ పిల్లకు ఏదో ఇబ్బంది ఉందనుకుంటారు. ఇంకో సంగతి, పిల్లలు తమను తాము ముద్దుగా అనుకోరు. చాలా సీరియస్‌గా మాట్లాడతారు. మీరు ముద్దు చేయకండి.

పిల్లల కోసం చెప్పే కథ మొత్తం పిల్ల గొంతులో చెప్పాలా?

వద్దు. పాత్రలకు పిల్ల గొంతు సరే, కథ చెప్పే మనిషికి అక్కర్లేదు. ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావును, కామేశ్వరిని తెలుగు పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారు. అన్నయ్య అంటే పిల్లవాడూ కాదు, మాస్టారూ కాదు, పక్కన కూర్చునేంత దగ్గరివాడు. మీ కథకుడు పిల్లలకు ఏమవుతాడో, అన్నా, మేనత్తా, తాతా, ముందే అనుకుని మొదలుపెట్టండి.

అసలు పిల్లలతోనే చెప్పించవచ్చు కదా?

చెప్పించవచ్చు, చాలాసార్లు అదే బాగుంటుంది. కాకపోతే డబ్బు తీసుకుని చేసే పనికి చట్టం ఉంది. బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ, 2017 నాటి నియమాల ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను కళాకారులుగా తీసుకోవాలంటే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి కావాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు మించకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. బడి ఆగకూడదు. "చిన్న యాడే కదా" అని ఇవన్నీ దాటేయడం మన జిల్లాల్లో మామూలైపోయింది, నాకు నచ్చదు.

పని విషయానికొస్తే, పిల్లలకు కాగితం ఇచ్చి చదవమనకండి. మీరు చెప్పి, వాళ్ళతో వాళ్ళ మాటల్లో అనిపించండి. నాలుగో టేకు తర్వాత పిల్లలు మీ ముఖం చూసి చెప్పడం మొదలుపెడతారు, ఇక ఆ రోజుకు ఆపేయడం మేలు.

పదమూడు, పద్నాలుగేళ్ళ అబ్బాయి గొంతు ఎట్లా?

ఆ వయసులో స్వరతంత్రులు పొడుగు, మందం పెరిగి మగపిల్లల గొంతు దాదాపు ఒక ఆక్టేవ్ (సంగీతంలో ఒక స్థాయి) కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతు కూడా దిగుతుంది, కానీ కొంచెమే. దిగే రోజుల్లో గొంతు పగులుతుంది. సీను మొత్తంలో ఒక్క చోట పగిలితే చాలు, అదీ వాడు బాగా గట్టిగా చెప్పాలనుకున్న మాట దగ్గర. మాటమాటకూ పగిలితే వెటకారం అవుతుంది.

ముసలివాళ్ళ గొంతు వణకాలా?

అందరిదీ వణకదు. వాయిస్ ఓవర్‌లో ఎక్కువగా పాడయ్యే పాత్ర ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వయసు పైబడితే స్వరతంత్రులు పలచబడతాయి, పూర్తిగా మూసుకోవు. సందులోంచి గాలి కారుతుంది. అందుకే వాక్యం పొట్టిదవుతుంది, మధ్యలో ఊపిరి పడుతుంది, చివరి మాటలు సన్నగిల్లుతాయి. చాలామందికి తెలియని ముక్క ఒకటి: బాగా పెద్ద వయసులో మగవాళ్ళ పిచ్ కిందికి దిగదు, కొంచెం పైకి పోతుంది. ఆడవాళ్ళకు మాత్రం ముట్లు ఆగిన తర్వాత కిందికి దిగుతుంది. కాబట్టి తాత పాత్ర అనగానే బేస్ వాయిస్ పెట్టడం తప్పు. బేస్ వాయిస్ పెడితే వినపడేది నలభై అయిదేళ్ళ విలన్. తాతకు గొంతు కొంచెం పైన, కొంచెం ఎండినట్టు, గాలి కలిసి ఉండాలి. అవ్వకు కింద, గరుకుగా ఉండాలి.

పళ్ళు లేని పాత్ర అయితే "స", "శ" దగ్గర గాలి జారుతుంది, "త", "ద" మెత్తబడతాయి. ఈ రెండు చోట్ల చూపిస్తే చాలు, ప్రతి అక్షరాన్నీ నమలకండి. నడుము వంగిన పాత్రకు ఊపిరి సహజంగానే చిన్నదవుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు లేచేటప్పుడు ఎట్లా మాట్లాడతారో అక్కడివాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మాట మధ్యలో ఆగేది మతిమరుపుతో కాదు, నొప్పితో. మతిమరుపుతో ఆగడం, నొప్పితో ఆగడం చెవికి వేరువేరుగా వినపడతాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ ముసలితనం అన్నది చూసుకోండి. 1960లో పుట్టినవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. వాళ్ళు ఫోన్లో వీడియోలు చూస్తారు, బండి నడుపుతారు, మనవళ్ళతో పోట్లాడతారు. రిటైరైన టీచర్ పాత్ర ఇస్తే నలభై ఏళ్ళు క్లాసులో మాట్లాడిన గొంతు రావాలి: స్పష్టంగా, వెనక బెంచీకి వినపడేటట్టు, ఎదుటివాడు అడ్డు రాడన్న ధీమాతో. వణుకు, దగ్గు, "హా హా" అని ఆయాసం ఎనభై దాటాక, అదీ జబ్బు ఉంటేనే. ఈ మధ్య వస్తున్న కథల వీడియోల్లో అరవై ఏళ్ళ ప్రతి మనిషీ చావుమంచం మీద ఉన్నట్టే మాట్లాడుతున్నాడు!

నడివయసు పాత్రలు ఎందుకు తేలిపోతాయి?

చేయడానికి ఏమీ లేదనిపిస్తుంది కాబట్టి. ముప్పైకీ యాభై అయిదుకూ మధ్య తేడా గొంతులో కన్నా తొందరలో ఉంటుంది. ముప్పై ఏళ్ళవాడు ఒప్పించడానికి మాట్లాడతాడు, వాక్యం చివర పైకి లేస్తుంది. యాభై అయిదేళ్ళాయన చెప్పేసి ఊరుకుంటాడు. మిర్యాలగూడ రైస్‌మిల్లు ఓనరు ధర చెప్పడం ఒకసారి గమనించండి.

మన యాసలో వయసును ఎట్లా చూపించాలి?

ఇక్కడ మనకు పెద్ద ఆసరా ఉంది. దక్షిణ తెలంగాణలో మాట వింటేనే తరం తెలిసిపోతుంది. పెద్దవాళ్ళు "దవఖాన" అంటారు, వాళ్ళ మనవరాలు "హాస్పిటల్" అంటుంది. "యాడికి పోతున్నవ్ బిడ్డా" అని అవ్వ అంటే, ఇంటర్ చదివే పిల్ల అదే ఇంట్లో "ఎక్కడికి" అంటుంది, స్నేహితుల దగ్గర మళ్ళీ "యాడికి" అంటుంది. పాత్ర ఎవరితో మాట్లాడుతుందో చూసుకుని యాస పాళ్ళు మార్చండి.

స్క్రిప్టులు చాలావరకు హైదరాబాద్‌లో రాస్తారు. "నాయనమ్మా, మీరు ఆసుపత్రికి వెళ్ళారా?" అని రాసి పంపుతారు. దాన్ని ఎంత బాగా చదివినా నారాయణపేట మనవడు కాలేరు. "నువ్వు దవఖానకు పోయినవా అవ్వా" అని మార్చి, రెండూ చదివి పంపండి. ఎంచుకోవడం వాళ్ళ ఇష్టం. నా అనుభవంలో రెండోదే ఉంచుకుంటారు.

ఒక జాగ్రత్త. "గిట్ల", "గట్ల", "ఏందిర" అని ప్రతి వాక్యంలో కుక్కితే అది యాస కాదు, సినిమా కామెడీ ట్రాక్. గద్వాల వైపు మాట, సూర్యాపేట వైపు మాట ఒకటి కాదు. మీకు రాని వైపు మాట కావాలంటే ఆ ఊరి మనిషిని పట్టుకుని చదివించుకుని వినండి.

సాఫ్ట్‌వేర్‌లో పిచ్ మారిస్తే సరిపోదా?

కొంచెం మారిస్తే తెలియదు, ఎక్కువ మారిస్తే గొట్టం పొడవు కూడా మారినట్టు వినపడి బొమ్మ మాట్లాడినట్టు అవుతుంది. పిచ్‌నూ గొట్టం పొడవు వల్ల వచ్చే మోతనూ విడివిడిగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అవి కాస్త నయం. కానీ అవ్వ ఎక్కడ ఆగుతుందో, పాపకు గాలి ఎక్కడ అయిపోతుందో ఏ ప్లగిన్ చెప్పదు. దయ్యాలకు, రోబోలకు వాడుకోండి.

ఒకే కథలో ఆరు పాత్రలు నేనే చెప్పాలి. కలిసిపోకుండా ఎట్లా?

ప్రతి పాత్రకూ ఒక గుర్తు వాక్యం రికార్డు చేసి పెట్టుకోండి. ప్యాచ్ (తర్వాత మార్చి అతికించే ముక్క) చెప్పే ప్రతిసారీ ముందు అది విని మొదలుపెట్టండి. వారం తర్వాత క్లయింట్ రెండు లైన్లు మార్చమన్నప్పుడు ఇదే కాపాడుతుంది. స్క్రిప్టులో పాత్రకో రంగు పెన్ను వాడండి.

ఇద్దరు ముసలివాళ్ళు ఉంటే ఇద్దరికీ ముసలితనం పంచకండి. ఒకరు నిదానం, ఇంకొకరు గునుస్తూ గబగబా. ఒగ్గు కథ, శారద కథలు చెప్పేవాళ్ళను చూడండి. ఒకే మనిషి రాజూ అవుతాడు, ముసలవ్వా అవుతాడు. ముందు భుజం మారుతుంది, మెడ తిరుగుతుంది, ఆ తర్వాతే గొంతు వస్తుంది. మైకు ముందు ఎవరూ చూడటం లేదని మనం కదలకుండా చెబుతాం, అక్కడే పోతుంది. కమల్ హాసన్ పది వేషాలు వేసిన 2008 నాటి 'దశావతారం' సినిమాకు తెలుగులో ఏడు పాత్రల గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంది. అందులో ముసలమ్మ కూడా ఉంది. అంత గాయకుడికి పిచ్ మార్చడం ఒక లెక్క కాదు. అయినా అది ఎంత తక్కువ వాడారో గమనిస్తూ వినండి.

వేషాలు మార్చి గొంతు పోతోంది. ఏం చేయాలి?

వరుస మార్చుకోండి. పిల్లల గొంతు ముందు, మామూలు పాత్రలు తర్వాత, గరుకు ముసలి గొంతు, అరుపులు ఆఖరున. గరుకును గొంతు బిగించి తేవద్దు. గాలి ఎక్కువ వదిలితే అదే వస్తుంది. మొదలుపెట్టే ముందు కూల్‌డ్రింక్ స్ట్రాను పెదాల మధ్య పెట్టుకుని "ఊ" అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి కొన్ని నిమిషాలు పోండి. నీళ్ళు గుక్కగుక్కగా తాగుతుండండి. గొంతు పోయిందని గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోకండి, అదీ శ్రమే, ఊరుకోవడమే మేలు.

మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లోనే చూపించుకోవచ్చు. అల్లం ముక్కతో సరిపెట్టవద్దు.

ఇంట్లోనే రికార్డు చేస్తున్నా. వయసు పాత్రలకు ప్రత్యేకంగా ఏమన్నా చూసుకోవాలా?

ఊపిరి వినపడాలి కాబట్టి గది మామూలుకన్నా నిశ్శబ్దంగా ఉండాలి. ఫ్యాన్ ఆపాలి. ఏప్రిల్, మేలో మన దగ్గర అది శిక్షే, అందుకే తెల్లవారుజామున కూర్చోండి. బోరు మోటరు, కుక్కరు, పాత సామాను కొనేవాళ్ళ మైకు, ఇవి రాని వేళ అదే. గోడలకు ఖరీదైన ఫోమ్ లేకపోతే పాత బొంతలు రెండు వేలాడదీయండి, బాగానే పనిచేస్తాయి.

మైకుకు జానెడు దూరం. కేక వేసే పాత్రకు వెనక్కి జరిగి ముఖం కొంచెం పక్కకు తిప్పండి. పిల్ల పాత్రకు నిలబడి చెప్పండి, ముసలి పాత్రకు కూర్చుని. దూరం మారకుండా మైకు సర్దుకోండి. వీడియో పనికి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫైలు పంపండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఎడిటింగ్‌కు ఆడాసిటీ ఉచితం, మొదట్లో అది చాలు.

అవకాశాలు ఎక్కడ ఉంటాయి?

మన ఊళ్ళలో ప్రచార ఆటోలు, కోచింగ్ సెంటర్ల యాడ్లు, పెళ్ళి వీడియోలు, లోకల్ కేబుల్, కథల ఛానెళ్ళు. వీటిలో వయసు పాత్రలు వచ్చేది కథల ఛానెళ్ళకే. ఆకాశవాణి నాటక విభాగం ఆడిషన్ పెట్టి బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడులు ఇస్తుంది. రేడియో నాటకంలో ముఖం ఉండదు కాబట్టి వయసు నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. సినిమా డబ్బింగ్ అయితే హైదరాబాద్ పోవాలి, యూనియన్ సభ్యత్వం సంగతి ముందే కనుక్కోండి.

డెమోలో (అవకాశం కోసం పంపే నమూనా రికార్డింగులో) ఎన్ని వయసులు పెట్టాలి?

మీకు నిజంగా వచ్చినవే. రెండు వయసులు నమ్మేటట్టు ఉంటే ఆరింటికన్నా మేలు. మొదట మీ సొంత గొంతు, సొంత వయసు పెట్టండి, వినేవాళ్ళకు అదే కొలత. మొత్తం ఒకటిన్నర నిమిషం దాటనివ్వకండి.

స్క్రిప్టులో పాత్ర వయసు రాసి ఉండదు. ఏం అడగాలి?

"వయసెంత" అని మాత్రమే అడిగితే "ఒక యాభై" అంటారు, దానితో ఏమీ తేలదు. ఏం పని చేస్తాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, పగలా రాత్రా, కూర్చున్నాడా నడుస్తున్నాడా అని అడగండి. "అచ్చంపేట సంతలో మేకలమ్మే ఆయన, బేరం తెగలేదు, పొద్దు పోయింది" అని క్లయింట్ చెబితే ఇక వయసు అడగక్కర్లేదు. జవాబు రాకపోతే మీరే ఒకటి అనుకుని, అనుకున్నదేమిటో ఫైలుతో పాటు ఒక లైను రాసి పంపండి. మార్పు చెప్పడానికి వాళ్ళకు అదే సులువు.